చంద్రుడి మీద పెన్నుగీత

తపాలా బిళ్ల మీద ముద్ర కొట్టకుండా, జేబులోని బాల్‌పెన్ను తీసి అడ్డంగా గీకిపారేసే ఉద్యోగికి ప్రభుత్వం వెంటనే సన్మానం చేయాలి. శాలువా కప్పాలి, జ్ఞాపిక ఇవ్వాలి, వీలైతే ఒక ఇంక్రిమెంటు కూడా వేయాలి. ఇది ఎంతో ఆలోచించి చెబుతున్న మాట.

మీకు కోపం రావచ్చు. ఇంట్లో స్టాంపుల ఆల్బం ఉన్నవాళ్లయితే ఈపాటికి పేపరు మడిచి అవతల పెట్టి ఉంటారు కూడా. కాస్త నిదానించండి. అసలు ముద్ర వల్ల దేశానికి ఒరిగిందేమిటి? దానికి ప్యాడు తడిగా ఉండాలి. తేదీ రోజూ మార్చాలి. చెయ్యి పైకెత్తి, గురిచూసి, కిందికి దించాలి. పెన్నుకు ఈ తతంగమేమీ లేదు. ఒక్క గీత, పని ఖతం!

చదువుల సంగతి చూడండి. ఫ్రెంచి విప్లవానికి రెండు వందల ఏళ్లు నిండాయని వేసిన స్టాంపు మీద అడ్డగీత పడిందనుకోండి. పిల్లలకు ఆ రాజు, ఆ కోట, ఆ తలలు తెగడం ఏదీ చెప్పనక్కర్లేదు. కొట్టేశారు కాబట్టి పరీక్షకు రాదని వాళ్లే అర్థం చేసుకుంటారు. ఐక్యరాజ్య సమితి పాతికేళ్ల పండగ స్టాంపు మీద గీత పడితే మరీ మంచిది. ఆ సమితి పనితీరు మీద అంతకంటే క్లుప్తమైన సమీక్ష ఏ ప్రొఫెసర్ రాయగలడు?

ఆ గీత ఏ ఆఫీసులో పడుతుందని మాత్రం అడగకండి. కోదాడలో డబ్బాలో వేసిన ఉత్తరం సూర్యాపేట చేరేలోపు సంచీ ఎన్నిచోట్ల దిగుతుందో, ఎన్నిచోట్ల ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. తెలిసినా చెప్పం. పేరు బయటపడితే ఆ మహానుభావుడిని ఏ మూలకో బదిలీ చేస్తారు. అప్పుడు నష్టపోయేది ఈ రూటు ప్రజలే.

సాక్ష్యం కావాలంటారా? సూర్యాపేటలో నాగమణి టీచర్ ఉంది.

ప్రభుత్వ హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ప్రపంచ చరిత్రలోని ఘట్టాలన్నీ స్టాంపుల రూపంలో ఆమె బీరువాలో ఉన్నాయి, చీరలు సందూకులో ఉన్నాయి. పాఠం చెప్పేటప్పుడు స్టాంపును పట్టకారుతో పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగి చూపించేది, ఊపిరి గట్టిగా వదలొద్దని పిల్లలకు ముందే చెప్పేది.

ఇలాంటి మనిషికి స్నేహితులు దొరకడం కష్టం. కానీ ఇద్దరు దొరికారు. ఒకరు మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే శ్రీనివాస్. రెండోవాడు సత్యానందం, మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేసి కోదాడలో ఇల్లు కట్టుకున్నవాడు. నెలకో ఆదివారం ముగ్గురూ మిల్లు ఆఫీసు పైగదిలో కూర్చునేవాళ్లు. కింద ఊక దుమ్ము, పైన ప్రపంచ చరిత్ర.

పోటీ రాకూడదని ఆ చరిత్రను మొదట్లోనే పంచుకున్నారు. యుద్ధాలు శ్రీనివాస్‌వి. విప్లవాలు సత్యానందంవి. సంధులు, సమితులు, ఆకాశయానం నాగమణివి. రష్యా విప్లవం మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో జరిగింది కనుక తనకే రావాలని శ్రీనివాస్ పట్టుబట్టినప్పుడు మగవాళ్లిద్దరికీ రెండు నెలలు మాటల్లేవు. చంద్రుడి దగ్గర కూడా పేచీ వచ్చింది. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టినప్పుడు మన దేశం వేసిన స్టాంపు ఒకటి సత్యానందం దగ్గర ఉంది. చుక్క మచ్చ లేదు, వెనక జిగురు కూడా చెదరలేదు. నాగమణి ఎన్నోసార్లు అడిగింది. అదీ విప్లవమేనని చెప్పి ఆయన ఇవ్వలేదు.

ఇక్కడ ఒక వృత్తి రహస్యం చెప్పాలి. సత్యానందం స్టాంపును నీళ్లలో నానబెట్టి ఊడదీసే రకం. నాగమణి కవరు మొత్తాన్ని, మీద ముద్రతో సహా, దాచే రకం. అందుకని ఒకరికొకరు మంచి స్టాంపులు అంటించి కవర్లు పంపుకునేవాళ్లు. ప్రయాణం చేసి ముద్ర పడి వస్తేనే కదా కవరుకు విలువ! లోపల రాసేదేమీ లేదు. నలగకుండా ఖాళీ అట్టముక్క పెట్టేవాళ్లు, అంతే. ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి. మాటలేవైనా ఉంటే ఆదివారం చెప్పుకునేవాళ్లు.

ఆమె కవరు పైఅంచును బ్లేడుతో సన్నగా కోసి, అట్ట తీసేసి దాస్తుందని సత్యానందం అనుకునేవాడు. ఆమె అసలు విప్పేదే కాదు. బ్లేడు తగిలిందంటే అది గాయపడ్డ కవరేనని ఆమె లెక్క. అట్టముక్కను చూడటానికి అంత మంచి కవరును ఎవరైనా కోస్తారా? ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఆ సాయంత్రమే ఒక కార్డు రాసి పంపేది. "చేరింది. కండిషన్ బాగుంది." అంతకు మించి స్నేహితుల మధ్య ఏం కావాలి?

ఈ ఏడాది జనవరిలో సత్యానందం మిర్యాలగూడ రాలేదు. కవరు మాత్రం వచ్చింది. "చేరింది. కండిషన్ బాగుంది" అని నాగమణి రాసింది. ఫిబ్రవరిలోనూ ఆయన రాలేదు, ఇంకో కవరు వచ్చింది. ఇది కాస్త లావుగా ఉంది. "చేరింది. ముద్ర నిండుగా పడింది. అట్ట మందంగా పెట్టినందుకు థాంక్స్" అని రాసింది. మార్చిలో మూడోది వచ్చింది. దాని మీద అడ్రసు చెయ్యంత అక్షరాలతో, కిందికి జారుతూ ఉంది. నాగమణి నిక్కచ్చి మనిషి కదా, ఊరుకోలేదు. "చేరింది. అడ్రసు మరీ పెద్దగా రాస్తున్నవు అన్నా, అక్షరాలు స్టాంపుకు తగులుతున్నయి. జర చిన్నగా రాయి" అని కార్డు పడేసింది.

ఆ తర్వాత కోదాడ నుంచి ఏమీ రాలేదు.

ఏప్రిల్ మీటింగుకీ, మే మీటింగుకీ సత్యానందం కుర్చీ ఖాళీ. శ్రీనివాస్‌కూ కబురు లేదు. నాగమణి ఫోన్ చేస్తే సత్యానందం భార్య లచ్చమ్మ ఎత్తింది. ఆయన పడుకున్నాడంది. మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. మూడోసారి ఉన్న విషయం చెప్పమని గట్టిగా అడిగితే లచ్చమ్మ గొంతు తగ్గించింది.

"నన్ను చెప్పొద్దన్నాడమ్మా. చెప్పాల్సింది చెప్పేశాడంట. ఇంక బతిమాలనంటున్నాడు."

ఏం చెప్పాడని? ఎప్పుడు చెప్పాడని? నాగమణికి తల తిరిగిపోయింది. తన వల్ల జరిగిన తప్పేమిటో ఎంత వెతికినా దొరకలేదు. మార్చిలో రాసిన కార్డు గుర్తొచ్చింది. అక్షరాలు చిన్నగా రాయమన్నందుకు ఇంత పౌరుషమా అనుకుంది. తనూ తగ్గలేదు. కానీ రోజూ పదకొండింటికి పోస్టుమ్యాన్ వచ్చే వేళకు వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. ఇరవై ఆరేళ్ల స్నేహం కారణం చెప్పకుండా పోతుంటే మనిషికి అన్నం సయించదు, ఆమెకూ సయించలేదు.

జూన్ రెండో వారంలో కవరు వచ్చింది. కోదాడ నుంచే. పైన కుడివైపు మూలన చంద్రుడు!

ఇరవై ఆరేళ్లు అడిగినా ఇవ్వని స్టాంపు. ఆ పాత బిళ్లకు చార్జీ సరిపోదు కనుక పక్కన మామూలువి కొన్ని అంటించి ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు. సరిగ్గా చంద్రుడి మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, నీలం బాల్‌పెన్నుతో అడ్డగీత ఉంది. ఒకసారి గీస్తే సిరా పడలేదేమో, రెండుసార్లు గీశారు. గట్టిగా నొక్కడం వల్ల కాగితం చిరిగింది.

నాగమణి అరుగు మీద కూలబడింది. ఏడుపొచ్చింది. సంధులూ సమితులూ అన్నీ బోధించిన ఆ నోటితోనే, ఎవరో తెలియని ఆ ఉద్యోగిని, ఆయన్ని కన్నవాళ్లను, పెన్నుల కంపెనీని వరసపెట్టి తిట్టింది. ఎదురింటి వాళ్లు తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఇక ఆ కవరు ఏ ఆల్బానికీ పనికిరాదు. పనికిరానిదాన్ని తొడుగులో ఎందుకు పెడతాం? ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, కోపంతో, కవరును పర్రున చింపింది.

లోపల అట్టముక్క లేదు. ఉత్తరం ఉంది.

"నాగమణి చెల్లెమ్మకు వందనాలు. నాకు కనిపించక లైన్లు ఒకదాని మీదొకటి పడుతున్నాయేమో, ఏమనుకోకు. మూడు ఉత్తరాలు రాసినా నువ్వు రాలేదంటే నీకూ ఏదో కష్టం ఉండి ఉంటది. ముందు కోపం తెచ్చుకున్నాను, తప్పు నాదే. నా ఆల్బాలు ఎవరికీ అమ్మొద్దని లచ్చమ్మకు చెప్పాను. అవన్నీ నీకే. చంద్రుడిని ఇప్పుడే పంపుతున్నాను, ముద్ర మంచిగా పడాలని ప్రార్థన చేసుకున్నాను. ఒక్క కోరిక. ఆల్బాలు తీసుకుపోయే ముందు నా పక్కన కూర్చుని పేజీ పేజీ తిప్పు. ఏ పేజీలో ఏముందో చెప్పు. నేను వింటాను."

నాగమణి లేచి బీరువా తెరిచింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. మూడు తొడుగులు, మూడు నిండు ముద్రలు, కళ్లకద్దుకునేంత కండిషన్. ఈసారి బ్లేడు కూడా వెతకలేదు, వేళ్లతోనే చింపింది. కంటి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పిన సంగతి, ఒక్క ఆదివారం వచ్చిపొమ్మన్న అభ్యర్థన, రాకపోయినా ఒక ముక్క రాయమన్న బతిమాలుడు, అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కోదానికీ తను ఏమని జవాబు రాసిందో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చిన్నగా రాయమన్నది కూడా.

మధ్యాహ్నం బస్సుకు కోదాడ వెళ్లింది. సగం దారి కూడా దాటకముందే, డ్రైవర్‌ను ఇంకెంతసేపని రెండుసార్లు అడిగింది.

సత్యానందం వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గేటు చప్పుడుకు తల తిప్పాడు గానీ చూపు గోడ మీదికి పోయింది. ఎవరని అడిగాడు. నాగమణి పేరు చెప్పి పక్కన కూర్చుంది. ఆయన అడగాల్సినవి చాలా ఉన్నాయి. అయినా ఇరవై ఆరేళ్ల అలవాటు ముందు వచ్చింది.

"చంద్రుడు చేరిందా? ముద్ర ఎట్లా పడింది?"

కండిషన్ విషయంలో నాగమణి ఏనాడూ అబద్ధమాడలేదు.

"ముద్ర పడలే అన్నా. పెన్నుతోని గీకిండ్రు."

ఆయన ముఖం వాడిపోయింది. "అయితే కవరు ఖరాబైందా?"

"మొత్తం ఖరాబైంది," అంది నాగమణి. "అందుకే చింపిన. అందుకే చదివిన."

సత్యానందానికి సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మూడు నెలల కార్డులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వాడు. నవ్వి, అంతకుముందు కవర్లు మూడూ బాగున్నాయా అని అడిగాడు. లచ్చమ్మ మొదటి ఆల్బం తెచ్చి ఒళ్లో పెట్టింది, నాగమణి మొదటి పేజీ తిప్పింది.

కాబట్టి పాఠకులారా, ఆ పెన్ను మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. శాలువా ఆయనదే. మన ఫిర్యాదల్లా మొదటి మూడు కవర్ల మీద అంత గుండ్రంగా, అంత నిండుగా, ఒక్క చుక్క సిరా చెదరకుండా ముద్ర కొట్టిన ఉద్యోగుల మీదే. వాళ్లు పని అంత శ్రద్ధగా చేయకపోతే ఏం పోయేది? జనవరి కవరు మీద ఎవరైనా ఒక్క పిచ్చిగీత గీసి ఉంటే ఆమె మర్నాడే కోదాడ బస్సెక్కేది. అప్పటికి ఆయనకు మనుషుల ముఖాలు ఇంకా కనిపిస్తున్నాయి.