పన్నెండు నిమిషాల ఊపిరి

మనిషి నిప్పును కనుగొన్న కొన్ని లక్షల ఏళ్లకు, దాన్ని ఆర్పేవాళ్ల ఊపిరిని కొలవాలన్న జ్ఞానం నాందేడ్‌లోని శ్రీ గోదాతీర్ పత్తి గోదాముల సమాఖ్యకు కలిగింది. గాలి చెడితే అగ్నిమాపక సిబ్బంది పరుగు మందగిస్తుందని సమాఖ్య ఎక్కడో చదివింది. చదివాక దాని ముందు రెండు దారులు మిగిలాయి: గాలిని బాగుచేయడం, సిబ్బందిని పరీక్షించడం. గాలి సమాఖ్య పరిధిలోకి రాదు.

కనుక సమాఖ్య అగ్నిమాపక బండి మీద పనిచేసే నలుగురూ గోదాముల వెనక మైదానాన్ని పన్నెండు నిమిషాల్లో ఆరు చుట్లు చుట్టాలని ఆదేశం వచ్చింది. తప్పినవాళ్లు బండి దిగి గేటు దగ్గర కూర్చోవాలి. గాలి మరీ చెడ్డగా ఉంటే అర నిమిషం రాయితీ ఉంది గానీ, ఆ సంగతి గాలిని కొలిచే యంత్రం చెప్పాలి. (యంత్రం ఖరీదైనది. బయట పెడితే దుమ్ము పడుతుందని ఊపిరి సామర్థ్య అధికారి దిగంబర్ సాహెబ్ ఏసీ గదిలో ఉంచారు. ఏడాదిగా అది 'గాలి ఉత్తమం' అనే చెబుతోంది.)

దేవిదాస్‌కు యాభై ఒకటి. తెలంగాణ సరిహద్దులోని కుండల్‌వాడి నుంచి షేర్ జీపులో వచ్చి ఈ పనిలో చేరి ఇరవై ఆరేళ్లు. గేటు దగ్గర కూర్చోవడమంటే అతనికి బతికుండగానే ఫోటోకు దండ వేసినట్టు. నెల రోజులు పొద్దున్నే పరుగెత్తి, ఆరు చుట్లను పదకొండు నిమిషాల యాభై సెకన్లకు తెచ్చాడు. మిగిలిన పది సెకన్ల సంగతి దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష నాటికి మైదానం శుభ్రంగా ఉండాలన్నది తొమ్మిదో నిబంధన. ఊడ్చే రఖమాబాయి పొద్దున్నే ఆకులూ, దూది తుక్కూ, ప్లాస్టిక్ సంచులూ ఒక మూలకు పోగేసి, చెత్తకు ఎప్పుడూ జరిగే సంస్కారమే చేసింది. అగ్గిపుల్ల గీసింది.

"గాలి మంచిగుండాలని పరీక్ష వెడుతుండ్రు, నువ్వు గిట్ల అంటువెడ్తివేంది?" అన్నాడు దేవిదాస్.

"ఏం జెయ్యాలె దాదా, చెత్త గాడి వారానికోపారి అస్తది. సాహెబ్ తొమ్మిదింటికే అస్తుండు," అని ఆమె తన నీళ్ల సీసా అతని చేతిలో పెట్టింది. పొగ తాగబోయేవాడికి అది చిన్న సాయం కాదు.

అతను ఆర్పబోతుండగా దిగంబర్ సాహెబ్ వచ్చారు. పరీక్ష వేళ సిబ్బంది విధుల్లో లేనట్టు లెక్కనీ, విధుల్లో లేనివారు నిప్పు ఆర్పితే బీమా వర్తించదనీ మర్యాదగా వివరించి, విజిల్ ఊదారు.

నాలుగో చుట్టులో గొంతు మండింది. ఐదో చుట్టులో వెనక ఉన్న ఇద్దరూ దగ్గుతూ పక్కకు తప్పుకున్నారు. ఆరో చుట్టులో ఇంకా సగం ఉండగా గాలి తిరిగింది. మంట ఎండుగడ్డిని అందుకుని పత్తి బేళ్ల షెడ్డు వైపు నడిచింది. ముందున్న ప్రథమేశ్, దేవిదాస్ దగ్గరే పని నేర్చుకున్నవాడు, చూపు తిప్పకుండా దాటిపోయాడు.

దేవిదాస్ ఆగాడు. నిబంధన అతనికి గుర్తుంది. కాళ్లకు గుర్తులేదు. రఖమాబాయీ అతనూ గోడకు వేలాడే ఎర్ర బకెట్లు అందుకున్నారు. (వాటిలో ఇసుక ఉంది. సమాఖ్య చరిత్రలో ఇది విశేషం.) మంట ఆరాక అతను కాసేపు నేల మీద కూర్చుని దగ్గి, లేచి, మిగిలిన సగం చుట్టు నడిచి పూర్తిచేశాడు. ముప్పై నాలుగు నిమిషాలు.

దిగంబర్ సాహెబ్ చెడ్డవారు కారు. తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టారు, చాయ్ తెప్పించారు. ఆ తర్వాతే దేవిదాస్ తప్పాడన్న కాగితం మీద సంతకం పెట్టారు. యంత్రం ఉత్తమమంది కనుక రాయితీ లేదు. కంట్రోల్ రూముకు ఫోన్ రాలేదు కనుక మంటా లేదు. (ఫోన్ ఎత్తవలసిన మనిషి ఐదో చుట్టులో తప్పుకుని మైదానం పక్కన దగ్గుతున్నాడు.)

మర్నాడు ప్రథమేశ్ గేటు దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"మంట నాకు కనవడలేదని కాదు కాకా. ఆగితె ఫేల్ జేస్తరని భయమైంది."

"మంచిదే అయింది రా. బండి మీద ఒక్కడన్న ఉండాలె గద," అని దేవిదాస్ స్టూలు మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

మంట ఎదురైనా ఆగకుండా వెళ్లిపోగలిగిన ఏకైక అగ్నిమాపక ఉద్యోగిగా గుర్తించి, సమాఖ్య ఆ వారమే ప్రథమేశ్‌ను బండికి నాయకుణ్ణి చేసింది.