కిటికీలో గాజుల చెయ్యి

ఆదివారం రాజమండ్రిలో పాతబండ్ల ప్రదర్శన. ఈలోగా తమ ట్రైలర్‌కి అసలు రంగేదో కనుక్కుని అదే వేయించాలని క్రాంతికుమార్, సత్తిరాజు పొద్దున్నే అమలాపురం నుంచి రాజోలు బయలుదేరారు. జీపు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి ఆ బండిని తుక్కుకొట్లో కొని, ఏడాదిగా బాగుచేస్తున్నారు స్నేహితులిద్దరూ. దాని సొరుగులో ఓ పాత నలుపుతెలుపు ఫోటో దొరికింది. ఇదే ట్రైలర్, పక్కనే నవ్వుతూ ఒక కుర్రాడు, కిటికీలోంచి వచ్చి అతని భుజం మీద వాలిన గాజుల చెయ్యి. ఆ కుర్రాడు రాజోలు ఏసుదాసు గారని, వెనకటికి జీపు తోలేవారని ఎవరో చెప్పారు.

వాళ్లు చేరేసరికి ఏసుదాసు గారు బజారుకెళ్లారు. ఆయన భార్య కృపావతి గారు వరండాలో పనసపొట్టు కొడుతున్నారు. సత్తిరాజు ఫోటో చూపించాడు. కత్తి ఆగింది.

"ఈ చెయ్యెవరిదండీ?"

"మాకూ తెలీదండీ. ఏ జమీందారు గారి అమ్మాయో అయ్యుంటారు. షికారు బండి కదండీ," అన్నాడు క్రాంతికుమార్, సాయం చేస్తున్నాననుకుని.

"షికారా," అన్నారావిడ. కత్తి మళ్లీ కదిలింది, ఇందాకటికంటే గట్టిగా.

ఇంతలో ఏసుదాసు గారు వచ్చారు. ఫోటో చూడగానే ఆయన చేతిలో సంచీ జారింది.

"ఇది నేను కాదు."

"మరి చెవి పక్కన ఆ పుట్టుమచ్చ?" అన్నారు కృపావతి గారు.

"లోకంలో పుట్టుమచ్చ నాకొక్కడికేనా?"

ఫోటో మసకగా ఉండబట్టే ఈ తగువు అనుకున్నాడు క్రాంతికుమార్. పాత ఫోటోలను బాగుచేసే యాప్ ఒకటి అతని ఫోన్లో ఉంది. అది ఫోటోని శుభ్రం చేసి, కిటికీలో చీకటి ఉన్నచోట తనకు తోచిన మొహం పెట్టేసింది. పెద్ద కళ్లు, తల్లో మల్లెపూలు. దాచేలోపే ఫోన్ కృపావతి గారి చేతికి వెళ్లిపోయింది.

"ఈ మొహం ఫోను కల్పించిందండీ," అన్నాడు.

"చెయ్యి కూడా ఫోనే కల్పించిందా?"

ఆవిడ మలికిపురంలో ఉన్న అన్నయ్య మాణిక్యం గారికి కబురు చేసి, లోపలికెళ్లి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టారు. మొగుడూపెళ్లాల తగవులు తీర్చడంలో మాణిక్యం గారికి పేరుంది. మొగుళ్ల పక్షాన తీర్పు చెప్పారని ఇంతవరకూ ఎవరూ వినలేదు. స్నేహితులిద్దరూ మెల్లిగా లేవబోయారు.

"కూర్చోండి. సాక్షులు మీరే," అని లోపల్నుంచి వినపడింది.

ఏసుదాసు గారు వాళ్ల దగ్గరకు జరిగి, "మా బావగారికి మాత్రం ఆ ఫోటో చూపించకండి బాబూ. మీకు పుణ్యముంటుంది," అన్నారు. దాంతో సత్తిరాజుకి మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది.

ఆటో ఆగింది. మాణిక్యం గారు లోపలికి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఆవిడెవరో చెప్పండి బావగారూ. లేదంటే మా చెల్లెల్ని ఇప్పుడే తీసుకుపోతాను."

"చెప్పను. మాటిచ్చేను."

"ఎవరికి?"

అదీ చెప్పనన్నారు ఏసుదాసు గారు. బట్టల సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కృపావతి గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏదీ, ఆ ఫోటో ఇలా ఇవ్వండి," అన్నారు మాణిక్యం గారు. సత్తిరాజు ఇవ్వక తప్పలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. తర్వాత కుర్చీలో కూలబడి మంచినీళ్లడిగారు.

"అది షికారు బండి కాదమ్మా," అన్నారు. "నాటకాల కంపెనీ వాళ్ల మేకప్ బండి. నాన్నగారికి కాకినాడలో గుమాస్తా ఉద్యోగమని చెప్పి, నేను దాంతో ఊళ్లు తిరిగేను. బావగారు జీపు తోలేవారు. ఎవరికీ చెప్పనని అప్పుడు నాకు మాటిచ్చేరు."

"కంపెనీలో నువ్వేం చేసేవాడివి అన్నయ్యా?"

"ఆడవేషాలు. ఆ చెయ్యి నాదే."

కృపావతి గారు భర్తవైపు తిరిగారు.

"నేను వెళ్లిపోతున్నా చెప్పరా?"

"ఆయ్, మాటంటే మాటే," అన్నారు ఏసుదాసు గారు, తలెత్తకుండా.

ఆవిడ సంచీ లోపల పెట్టి వచ్చి, ఫోన్ అన్నయ్య చేతికిచ్చారు. ఆయన ఆ పెద్దకళ్ల మనిషిని తదేకంగా చూశారు.

"ఇంత అందంగా ఉండేవాణ్ణి కాదమ్మా. అయినా ముమ్మిడివరం నుంచి ఓ సంబంధం వచ్చింది."

"ఇది నాకూ చెప్పలేదు బావగారూ," అన్నారు ఏసుదాసు గారు.