ఉదయం గొంతు ఊరెళ్లింది

మూడు రోజుల ప్రయాణానికి భార్య సంచిలో ఆరు చొక్కాలు సర్దింది. వెళ్లినవాళ్లు చెప్పిన రోజుకు తిరిగొస్తారన్న నమ్మకం ఆమెకు పుట్టుకతోనే లేదు. అక్కగారి కంటి ఆపరేషను కోసం అనౌన్సరుగారు పద్దెనిమిదేళ్లలో మొదటిసారి సెలవు పెట్టారు.

ఊరంతా ఆయన్ని ‘ఉదయం గొంతు’ అనేది. పిండిమర మేడ మీద ఉన్న ప్రైవేటు రేడియో స్టేషనులో మైకు ముందు కుర్చీ ఆయనది. జ్వరమొచ్చినా దాన్ని వదల్లేదు. వదిలితే ఇంకెవరో కూర్చుంటారని బెంగ.

"మూడు రోజుల్లో కుర్చీకి కాళ్లొస్తాయా?" అంది భార్య.

"నాలుగు కాళ్లు ముందే ఉన్నాయి. ఎవరో ఒకరు కూర్చోవడమే తరువాయి," అన్నారాయన దిగులుగా.

అందుకే ముందుజాగ్రత్త పడ్డారు. స్టేషనుకు పాతికేళ్లు నిండుతున్నాయి గనక దాని చరిత్రను మూడు భాగాలుగా రికార్డు చేసి పెట్టారు. తాను లేకపోయినా గాలిలో తన గొంతే ఉండాలి. ఆ చరిత్రలో స్టేషను పుట్టుక రెండు నిమిషాల్లో ముగిసింది. పెట్టుబడి పెట్టిన యజమానికి ఒక వాక్యం దక్కింది. మిగతా అరగంటా ఆయన బాల్యం, ఆయన కంఠం, ఆ కంఠాన్ని మెచ్చుకున్నవాళ్ల పేర్లు.

సోమవారం ఆరు గంటల బస్సుకు ఆయన వెళ్లారు. ఎనిమిదింటికి టేపు వేయబోతూ టెక్నీషియను, ముందు కాస్త సంగీతం ఉంటే బాగుంటుందనుకున్నాడు. స్టేషనులో ఉన్నవి రెండే రికార్డులు. సంబరాలకు వేసే బ్యాండు రికార్డు గీతపడి ఒకే ముక్క దగ్గర కొట్టుకుంటోంది. రెండోది వేణువు. ఊళ్లో పేరున్నవాళ్లు పోయినప్పుడే అది మోగేది. ఆ వెంటనే పోయినవారి జీవిత విశేషాలు చదివేవారు. టెక్నీషియనుకు సంగీతమంటే మీటరులో ముల్లు కదలడమే. వేణువు వేశాడు.

వేణువు, ఆపైన అనౌన్సరుగారి జీవితం. ఊరికి ఇంకేం కావాలి? ఆయన గొంతే వినిపిస్తుంటే, పాపం పాత టేపులు వేస్తున్నారనుకున్నారు. భార్య పాలు పొయ్యి మీద పెట్టేసరికి పక్కింటావిడ చెంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎలా జరిగింది వదినగారూ?"

"ఏం జరగడం? ఆరు గంటల బస్సెక్కారు."

"బస్సా," అని ఆవిడ వీధిలోకి పరుగెత్తింది. చెప్పిన గుమ్మం గుమ్మం దగ్గరా ఆ బస్సు కాస్త కాస్త ఒరిగి, వీధి చివరికి చేరేసరికి లోయలో పడింది. ఆ దారిలో లోయ లేదు. అయినా పడింది.

ఆ బస్సు సంగతి తిరిగి తిరిగి తన గుమ్మానికే వచ్చాక భార్య పాలు అలాగే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా స్టేషనుకు పరుగు తీసింది. మెట్లెక్కేసరికి యజమాని ఫోనులో మాట్లాడుతున్నాడు. దారిలో టీకొట్టు రేడియోలో వేణువు వెనకే తన చావు విని అనౌన్సరుగారే చేశారట.

"బతికే ఉన్నారా? సంతోషం. గురువారం దాకా ఎవరికీ చెప్పకండి. ఎనిమిది దుకాణాల సంతాప ప్రకటనలు ఒప్పుకున్నాను," అంటున్నాడు యజమాని.

ఆమె రిసీవరు లాక్కుంది. కళ్ల నిండా నీళ్లతో దాన్ని చెవికి ఆనించుకుంది. అవతల నుంచి స్పష్టంగా వినిపించింది: "ముందు అది చెప్పండి, నా కుర్చీలో ఎవరున్నారు?"

ఆమె ఫోను పెట్టేసింది. కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, ఖాళీగా ఉన్న ఆ కుర్చీలో కూర్చుంది. అడ్డం వచ్చిన యజమానికేసి ఒక్క చూపు చూసింది. టెక్నీషియను మీట నొక్కాడు.

"మా ఆయన పోలేదు. అక్కగారింటికి వెళ్లారు. ఆరు చొక్కాలు పెట్టాను. పోయేవాళ్లు దువ్వెన మరిచానని గుమ్మం నుంచి రెండుసార్లు వెనక్కి రారు. మీకు రోజూ తేనె పోసే ఆ గొంతు, ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితేనే లేస్తుంది."

ఊరు నవ్వింది. ఫోన్లు ఆగలేదు. ఆవిణ్ణి ఇంకాసేపు మాట్లాడమన్నారు, మర్నాడూ రమ్మన్నారు. ఎనిమిది దుకాణాలూ సంతాపం మానుకుని ఆవిడ కబుర్లకు ప్రకటనలిచ్చాయి. దుఃఖంలో మునిగిన యజమాని వెంటనే తేలాడు. చరిత్ర రెండు, మూడు భాగాలు గీతపడ్డ బ్యాండు పక్కన అలమరలోకి చేరాయి.

అనౌన్సరుగారు బస్సు దిగి వచ్చేసరికి స్టేషను తలుపు మీద, ప్రసారం సాగుతోందని చెప్పే ఎర్రబల్బు వెలుగుతోంది. లోపల భార్య గొంతు. బయట బల్ల మీద కూర్చున్నారు. పాత మనిషన్న జాలితో యజమాని ఆయనకు వేణువు తరవాత చదివే విశేషాలు అప్పగించాడు. ఇంటికెళ్లి, మాడిన పాలగిన్నె ఆయనే తోముకున్నారు.

సంచి సర్దుకుని వెళ్లిన మనిషి మూడో రోజు సాయంత్రానికి తిరిగొచ్చారు. చెప్పులైనా లేకుండా బయలుదేరిన ఇల్లాలు మాత్రం ఆ సోమవారం ఉదయం ఎనిమిదిన్నర నుంచి వంటింటికి తిరిగి రాలేదు.