ఈ ఏడాది గడిస్తే చాలు

ఆ ఆదివారం ఉదయం కామాగారు పెట్టుకున్న పని ఒక్కటే: అలమర పై అరలో ఉన్న గొడుగును కిందికి దించడం. గొడుగు రాలేదు గానీ, దానికి అడ్డంగా ఉన్న మూడు టార్చిలైట్లు, రెండు గోడగడియారాలు, ఇంట్లో ఎవరి చేతికీ పట్టని తోలు చేతితొడుగులు, ఏ తాళానివో తెలియని తాళంచెవుల గుత్తి వరసగా ఆయన నెత్తిమీద పడ్డాయి. చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన భార్య ముందు గడియారాలు పగిలాయేమో చూసి, ఆ తరువాత భర్త తల చూసింది.

ఇవన్నీ ఎవరు కొన్నారన్న ప్రశ్నకు ఇద్దరి దగ్గరా ఒకే సమాధానం ఉండటంతో ఆ విచారణ ముందుకు సాగలేదు. చివరకు ఆవిడే ఒక ప్రతిపాదన చేసింది. ఏడాదిపాటు నిత్యావసరాలు తప్ప కొత్త వస్తువేదీ కొనకూడదు. నిత్యావసరమంటే ఏమిటో ముందు తేల్చాలన్నారు కామాగారు. తిండి, మందులు, సబ్బు దగ్గర గొడవ రాలేదు. ఒక కాలి మేజోడు చిరిగితే రెండు కాళ్లకూ కొత్తవి కొనవచ్చా అన్న అంశం మీద మాత్రం చర్చ మధ్యాహ్నం దాకా సాగింది. జాబితా పూర్తయ్యాక ఆవిడ ఇంకో షరతు పెట్టింది.

"బయట ఎవరికీ చెప్పకండి. మా అక్క చెవిన పడిందంటే పిసినారి మొగుణ్ణి కట్టుకున్నానని ఊరంతా చాటుతుంది."

కామాగారు వృత్తిరీత్యా ప్రూఫ్ రీడరు. పాఠ్యపుస్తకాలు, న్యాయగ్రంథాలు అచ్చువేసే ఒక ముద్రణాలయంలో ఇరవై ఆరేళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతున్నారు. సెలవుచీటీలో కూడా కామా లేకపోతే ముందుకు కదలరు గనుక ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. మరో మూడు నెలల్లో ప్రధాన ప్రూఫ్ రీడరు పదవీవిరమణ చేస్తున్నారు. ఆ తరువాతి వరస కామాగారిది. ఆ పదవిలో ఆయన ఆశించింది హోదా కాదు, విడి గదీ కాదు. చివరి ప్రూఫు అడుగున సంతకం చేసి "ముద్రించవచ్చు" అని రాసే హక్కు. ఆ మాట పడేవరకు యంత్రం తిరగదు. పదకొండేళ్లుగా ఆయన ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నారు. చిత్తుకాగితాల మీద దాన్ని రాసి, కాస్త దూరంగా పట్టుకుని చూసుకునేవారని భార్యకు తెలుసు. ఆవిడ ఎన్నడూ నవ్వలేదు.

వ్రతం మొదలైన రెండు వారాలకు ఆయన చొక్కా కాలరు అంచున పోగులు లేచాయి. ముద్రణాలయానికి ఎదురుగా ఉన్న దర్జీ దగ్గరకు వెళ్లి, కాలరు విప్పి తిరగేసి కుట్టమన్నారు. దర్జీ చొక్కాను వెలుతురుకు పట్టి చూశాడు.

"దీనికి దారం కూడా దండగే సార్. కొత్త గుడ్డ వచ్చింది. అయిదారేళ్లు చెక్కుచెదరదు."

"అయిదారేళ్ల గుడ్డతో నాకేం పనయ్యా? ఈ ఏడాది గడిస్తే చాలు."

దర్జీ చొక్కా దించి ఆయన ముఖంలోకి చూశాడు. "ఏడాదేనా సార్?"

"కచ్చితంగా ఏడాది. అందులో రెండు వారాలు అప్పుడే అయిపోయాయి."

"అమ్మగారికి తెలుసా?"

"తెలియకేం? ఇద్దరం కూర్చుని అన్నీ మాట్లాడుకున్నాం. నువ్వు మాత్రం బయట ఎక్కడా అనకు."

దర్జీ కుట్టుకూలి తీసుకోలేదు. పాత ఖాతాదారు పట్ల మర్యాద కాబోలనుకుని కామాగారు ఇంటికి వెళ్లారు.

దర్జీ నిజానికి నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాడు. ఆ రహస్యాన్ని రెండు రోజులు పూర్తిగా కడుపులో దాచుకున్నాడు. మూడో రోజున విసర్గ తన ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. విసర్గ అంటే ముద్రణాలయంలో కామాగారి పక్క బల్ల ఆసామి. ప్రతి వాక్యం చివరా ఒక నిట్టూర్పు వదులుతాడు గనుక ఆ పేరు. కొలత తీసుకుంటూ దర్జీ ఒక్క ముక్క అన్నాడు. కొలత ముగిసేసరికి మిగతావీ అన్నాడు.

విసర్గ వెంటనే నమ్మలేదు. ఆధారాల కోసం చూశాడు. ఆధారాలకు కొదవ లేదు. వచ్చే ఏడాది డైరీ ఎవరెవరికి కావాలని గుమాస్తా అడిగినప్పుడు కామాగారు తనకు అక్కరలేదన్నారు. కళ్లజోడు కాడ ఊడితే దారంతో కట్టుకున్నారు. బూటు అడుగు నోరు తెరిచినా పట్టించుకోలేదు. పెన్సిలు వేళ్లకు అందనంత పొట్టిదయ్యాక దానికి కాగితపు గొట్టం తొడిగి రాస్తున్నారు. వీటిలో ఏ ఒక్కదానికైనా వేరే కారణం ఉండవచ్చు. కాని అన్నిటికీ కలిపి ఒకే కారణం దొరికినప్పుడు మనిషి ఇంకోదాన్ని వెతుక్కోడు. వారం తిరిగేసరికి ముద్రణాలయమంతా గొంతు తగ్గించి మాట్లాడసాగింది.

కామాగారి కుర్చీలోకి ఒక మెత్త వచ్చి చేరింది. సన్న అక్షరాల న్యాయగ్రంథం ఆయన బల్ల మీదినుంచి మాయమై, దాని స్థానంలో పసిపిల్లలు రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం వచ్చింది. అందులో మొత్తం తొమ్మిది మాటలున్నాయి. నాలుగు కాగానే ఇంటికి వెళ్లమని మేనేజరు స్వయంగా వచ్చి చెప్పేవాడు. కాబోయే ప్రధాన ప్రూఫ్ రీడరును ఇప్పటినుంచే గౌరవిస్తున్నారని కామాగారు భార్యకు చెప్పారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ చాలా రోజుల తరువాత సంతోషంగా మాట్లాడుకున్నారు.

నెలాఖరున మేనేజరు పిలిచి, తలుపు మూసి, కుర్చీ తానే జరిపాడు.

"ఈ సమయంలో మీమీద అంత బరువు పెట్టడానికి మనసొప్పడం లేదండీ. ఆ పదవి విసర్గకు ఇద్దామనుకుంటున్నాం. మీరు ఇంట్లోవాళ్లతో గడపండి."

కామాగారికి తల కొట్టేసినట్లయింది. కారణం అడిగారు. మేనేజరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెప్పనక్కర్లేదని, తమకంతా తెలుసునని అన్నాడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. తనకు రాని పదవి గురించి ఇంకొకరు ఏడవడం కామాగారికి అర్థం కాలేదు. ఏం తెలుసునో బల్ల దగ్గరకు వచ్చి విసర్గను అడిగారు.

"అందరం పోయేవాళ్లమే మాస్టారూ," అని విసర్గ ఊపిరి వదిలాడు. "మీరు కాస్త ముందు."

విషయం బోధపడ్డాక కామాగారు గట్టిగా ఖండించారు. తాను దుక్కలా ఉన్నానన్నారు. ధైర్యవంతుడని అందరూ మెచ్చుకున్నారు. కోప్పడితే జబ్బు లక్షణమని సర్దుకున్నారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టయింది. వ్యతిరేకమైన ప్రతి సాక్ష్యాన్నీ మింగి బలిసే నమ్మకాన్ని తర్కంతో పడగొట్టలేమని ఆయన ఎన్నో పుస్తకాల్లో దిద్దారు గానీ, ఆ నమ్మకానికి తానే విషయం కావడం అదే మొదటిసారి.

నోటిమాట చాలదు, వైద్యుడి మాట కావాలనుకున్నారు. సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లి, నెత్తురు ఇచ్చి, గుండె చూపించుకుని, ఛాతీ ఫొటో తీయించుకున్నారు. మర్నాడు ఫలితాలు చూసి డాక్టరు ఏమీ లేదన్నాడు. కామాగారు ఆ శుభవార్తతో నేరుగా ముద్రణాలయానికి వచ్చారు. గుమ్మంలోనే విసర్గ ఎదురయ్యాడు.

"డాక్టరేమన్నాడు మాస్టారూ?"

"ఏమీ లేదన్నాడు."

విసర్గ ఆయన చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. ఆ మాట కంపోజింగ్ గదికి చేరేసరికి "ఇక ఏమీ లేదన్నాడట" అయింది. బైండింగ్ గదికి చేరేసరికి "చెయ్యడానికి ఇక ఏమీ లేదన్నాడట" అయింది. ఇరవై ఆరేళ్లు ఒక్క అక్షరం జారకుండా కాపలా కాసిన మనిషికి, తన గురించిన వాక్యంలోకి రెండు మాటలు దూరిన సంగతి భోజన విరామం దాకా తెలియలేదు.

సాయంత్రానికి వార్త వదినగారికి అందింది. ఆవిడ వచ్చీ రావడంతోనే చెల్లెల్ని కావలించుకుని, ఇంత జరుగుతున్నా తోడబుట్టినదానికి చెప్పవా అని నిలదీసింది. గత్యంతరం లేక చెల్లెలు వ్రతం సంగతంతా బయటపెట్టింది. వదినగారు ఓపిగ్గా విన్నది. మరిది బొమ్మలా కూర్చుని ఉండగానే, మనసు కుదుటపడటానికి ఏదో ఒక కథ కావాలిలే అని చెల్లెలి తల నిమిరింది. ఏ నింద వస్తుందని నెలలుగా భయపడ్డారో, ఆ నింద కోసం ఇప్పుడు దంపతులిద్దరూ ప్రాధేయపడవలసి వచ్చింది.

"నేను పిసినారినే వదినగారూ," అన్నారు కామాగారు. "కావాలంటే ఎవరినైనా అడగండి."

వదినగారు కళ్లు ఒత్తుకుంది.

ఇక మాటలతో లాభం లేదని, కామాగారు ఒక పని చేశారు. భార్య ముఖం చూడకుండా బజారుకు వెళ్లి, నియమం తప్పి, అయిదేళ్ల హామీ ఉన్న కొత్త బూట్లు కొన్నారు. అయిదేళ్లు బతికే ఉద్దేశం లేనివాడు అలాంటివి కొనడని ఎంత మందబుద్ధికైనా తట్టాలి. మర్నాడు ముద్రణాలయంలో అవసరం లేకపోయినా అటూ ఇటూ నాలుగుసార్లు చప్పుడు చేసుకుంటూ నడిచారు. పాపం ముచ్చట తీర్చుకుంటున్నారని అందరూ అనుకున్నారు. బైండింగ్ గదిలో ఒకావిడ బయటికి వెళ్లి ఏడ్చింది.

పదవీవిరమణకు నాలుగు రోజులే మిగిలాయి. కామాగారు డాక్టరు కాగితాలతోపాటు, వంటగది తలుపు వెనక అతికించిన నిత్యావసరాల జాబితాను కూడా ఊడదీసి పట్టుకెళ్లి మేనేజరు ముందు పరిచారు. అలమర దగ్గర మొదలుపెట్టి బూట్ల దాకా, తేదీలతో సహా, ఒక్కటి వదలకుండా చెప్పారు. మేనేజరు మొదట జాలిగా విన్నాడు. తరువాత డాక్టరు కాగితాలు చదివాడు. తరువాత జాబితా చదివాడు. మేజోళ్ల గురించిన మూడు ఉపనిబంధనల దగ్గరకు వచ్చేసరికి అతని ముఖంలో జాలి పోయింది. అంత వివరంగా అబద్ధం రాయడం ఎవరికీ సాధ్యం కాదు.

"అయితే మీకు నిజంగానే ఏ జబ్బూ లేదు."

"లేదండీ."

"ఇంకో పదేళ్లు పనిచేస్తారు."

"నిక్షేపంగా."

కామాగారికి గుండెల మీద బరువు దిగింది. మేనేజరు మాత్రం ఇంకా జాబితానే చూస్తున్నాడు. ఈ వ్రతం వల్ల ఇల్లు ఇబ్బంది పడిందా అని అడిగాడు. ఏమీ పడలేదని, నిజానికి నాలుగింట మూడు వంతుల వస్తువులు అలవాటు కొద్దీ కొంటున్నవేనని కామాగారు చెప్పారు. ఏది అవసరమో ఏది కాదో ఎలా తేల్చారని మేనేజరు అడిగాడు. తన పద్ధతిని ఎవరో శ్రద్ధగా అడగడం అదే మొదలు గనుక కామాగారు ఉత్సాహంగా వివరించారు: అది లేకపోతే ఏ పని ఆగుతుందో చూడాలి, ఏదీ ఆగకపోతే అది అనవసరం.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ప్రధాన ప్రూఫ్ రీడరు లేకపోతే పుస్తకం ఆగుతుందాండీ?"

కామాగారు జీవితంలో ఎన్నడూ తెలిసి తప్పు వాక్యం వదిలిన మనిషి కారు. ప్రూఫులు దిద్దేది తామే. దిద్దినది సరిచూసుకునేదీ తామే. ఆ పదవిలో ఉన్న పెద్దాయన కళ్లు మసకబారి మూడేళ్లయింది. చదవకుండానే ఆ మాట రాస్తున్నారు.

"ఆగదండీ," అన్నారు.

"మరి ఆ చివరి ముక్క?"

"అది... ఎవరో ఒకరు రాయాలి."

"అయితే నేనే రాసేస్తాను."

బల్ల మీద ఒక వ్యాకరణ పుస్తకం ఆఖరి ప్రూఫు ఉంది. మేనేజరు దాన్ని దగ్గరకు లాక్కుని, అడుగున సంతకం చేసి, దకారానికి ఒత్తు తగిలించి "ముధ్రించవచ్చు" అని రాశాడు. కామాగారి చెయ్యి అలవాటుగా జేబులోని పొట్టి పెన్సిలు దాకా వెళ్లి, అక్కడే ఉండిపోయింది. ప్రధాన ప్రూఫ్ రీడరు పదవి రద్దయిందన్న నోటీసు సాయంత్రానికల్లా గోడకెక్కింది. విసర్గ దాన్ని రెండుసార్లు చదివి, నిట్టూర్చకుండా వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి కామాగారి ఆరోగ్యం గురించి ముద్రణాలయంలో ఎవరూ అడగలేదు.