నెత్తళ్ల బరకానికై నరసింగరావు దండయాత్ర

స్వస్తి. కలియుగ ప్రథమపాదాన, వంశధారకు ఉత్తరాన, ఉప్పుగాలికి ఇనుప షట్టర్లు సైతం పొట్టు రాల్చే టెక్కలి పట్టణాన, రెండువేల పదహారవ సంవత్సర వైశాఖాన జరిగిన మహాసంగ్రామాన్ని వినండి. వేరే పనేమీ లేకపోతేనే వినండి.

ఎనిమిదడుగుల గదినీ ఏకైక కంప్యూటరునూ ఏకచ్ఛత్రంగా ఏలే ఫ్లెక్సీకులతిలకుడు నరసింగరావు, తన ‘కల్పనా డిజైన్ సామ్రాజ్యం’ దశమ వార్షికోత్సవానికి పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టించాడు. పదడుగులు ఆయన ముఖమే. మిగిలిన రెండడుగుల్లో ‘మా గురించి మీకు తెలియని సంగతులు’. ఆ సామ్రాజ్యానికి సొంత ప్రింటింగు మిషను లేదనీ, ప్రతి ముక్కా శ్రీకాకుళంలోనే అచ్చవుతుందనీ అందులో లేదు. పదేళ్లుగా పెళ్లికీ పెద్దకర్మకూ ఒకటే గులాబీ అంచు అనీ లేదు. ఉన్న ఘనకార్యం ఒక్కటే: ‘మా తొలి ఫ్లెక్సీ నేటికీ చెక్కుచెదరలేదు. సాయంత్రం వచ్చి కళ్లారా చూడండి.’ ఇదే మాట ఊరందరి ఫోన్లకూ పంపాడు.

అచ్చయిన ఫ్లెక్సీని బండి వెనక కట్టుకుని ఇల్లు చేరగానే అర్ధాంగి పద్మకుమారి అడిగింది.

“ఆ తొలి ఫ్లెక్సీ ఎక్కడున్నాదేటి?”

వీరుడు అటక కేసి చూశాడు.

“ఎదురుకొట్టు అప్పలసూరి అందరికన్నా ముందొస్తాడు. సూపించమంటే ఏటి సూపిస్తారు, నా మొకమా?”

అప్పలసూరి కూడా ఫ్లెక్సీలవాడే. వాడి నవ్వు తలచుకోగానే మన ధీరోదాత్తుడికి జ్ఞాపకమొచ్చింది. తొలి ఫ్లెక్సీ భావనపాడు అసిరమ్మ కూతురు రాణి పెళ్లికి వేసినది. వెంటనే, నూనె తక్కువై మూలుగుతున్న ద్విచక్ర తురగాన్ని అధిరోహించి, వెనక కట్టిన కొత్త ఫ్లెక్సీ విప్పే తీరిక సైతం లేక, ఉప్పుమడుల మీదుగా ధూళి రేపుతూ, దారి పొడవునా కుక్కలచేత తరమబడుతూ, ఆ పరాక్రమశాలి సముద్రతీరం చేరాడు.

ఇసుకలో ఫ్లెక్సీ పరిచి ఉంది. దాని నిండా నెత్తళ్లు ఎండుతున్నాయి. అసిరమ్మ వాటిని తిరగేస్తోంది.

“ఓ మత్స్యరాశి సంరక్షిణీ,” అని గర్జించాడు నరసింగరావు, “నా యశఃపతాకమును, కళాజీవితపు తొలి కిరణమును తక్షణమే సమర్పింపుము.”

“తెలుగులో సెప్పు బాబూ.”

“ఆ ఫ్లెక్సీ ఇచ్చీ పిన్నీ.”

“ఇది నా బరకం. పదేళ్ల బట్టి దీని మీదే ఎండేస్తన్నాను. ఆయాల పెళ్లికొడుకు పేరు కన్నా నీ పేరే పెద్దదేసినావు. మా వియ్యంకుడు బోయినానికి కూకోనన్నాడు, గురుతుందా?”

సిగ్గున్నవాడైతే వెనుదిరిగేవాడు. ఈయన కొంగ్రొత్త శౌర్యంతో ఒక మూల పట్టి లాగాడు. అసిరమ్మ రెండో మూల మీద కూర్చుంది. మహావీరుడు లాగినకొద్దీ నెత్తళ్లు ఆయన చొక్కాలోకే చేరాయి, కాకులు వ్యూహం పన్నాయి, చివరికి ఆయనే ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. అసిరమ్మ అంగుళం కదలలేదు.

“ఆ బండి మీద సుట్టినదేటి?” అంది.

“వార్షికోత్సవం ఫ్లెక్సీ.”

“అదిచ్చి ఇది పట్టుకుపో.”

వేరే దారి లేక సంధి కుదిరింది. అసిరమ్మ కొత్తదాన్ని పరిచి, ఆ మహాముఖాన్ని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి చూసింది.

“మొకం పెద్దదే నాయినా. రెండు గంపలు పడతాయి.”

సాయంకాలం దుకాణం ముందు పాత ఫ్లెక్సీ ఎగిరింది. వధూవరులు ఎండకు ఏనాడో మాయమయ్యారు. నరసింగరావు పేరొక్కటే మిగిలింది. అప్పలసూరి ముక్కు మూసుకుని చూసి, “పేరు పోలేదురా” అని ఒప్పుకున్నాడు.

జయము, దిగ్విజయము. ముగ్గురు అతిథులూ నాలుగు పిల్లులూ సాక్షి. ఇక ఆ సామ్రాజ్యం గురించి మీకు తెలియని సంగతి ఒకటుంది. పదేళ్ల కీర్తికి గుర్తుగా అచ్చయిన పదడుగుల ముఖాన్ని టెక్కలిలో ఎవరూ చూడలేదు. భావనపాడులో కాకులు రోజూ చూస్తున్నాయి.