కామాగారు కనిపెట్టిన పద్ధతి

ఇకమీదట మంచినీటి శాఖ రవి అస్తమించని శాఖ అని మంత్రిగారు ప్రకటించారు. ఏ వేళప్పుడు కుళాయి ఆగిపోయినా ప్రజలు ఫోను చేయవచ్చు, మెసేజు పెట్టవచ్చు. ఆ ఫోను ఎత్తడానికి ఐదు వేర్వేరు దేశాల్లో, మన భాష వచ్చిన ఐదుగురు, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని సిద్ధంగా ఉంటారు. మనకు రాత్రయినప్పుడు వాళ్ళలో ఎవరో ఒకరికి పగలు కాబట్టి రాత్రి డ్యూటీ భత్యం శాఖకు మిగులుతుంది. ఈ చివరి మాట మంత్రిగారు అనలేదు, ఫైల్లో ఉంది.

పథకం మొదటి నెలలోనే ఘనవిజయం సాధించింది. నీళ్ళు రాలేదు గానీ, రాలేదన్న సంగతి ఇరవై నాలుగు గంటలూ నమోదయింది.

నెలాఖరున ఒక చిన్న విషయం బయటపడింది. ఆ ఐదుగురికీ జీతం ఎలా పంపాలో ఎవరూ ఆలోచించలేదు. ఫైలు తిరిగి తిరిగి శాఖ అకౌంటెంటు బల్ల మీద వచ్చి పడింది. ఆయన్ను ఆఫీసులో అందరూ కామాగారు అంటారు. ఒకప్పుడు సాక్షాత్తూ డైరెక్టరు గారి ప్రయాణ బిల్లును, అంకెల మధ్య కామా చోటు తప్పిందని వెనక్కి పంపిన మనిషి. ఆ తరువాత పదకొండేళ్ళుగా ఆయనకు ప్రమోషను రాలేదు, ఆయనా అడగలేదు.

కామాగారు రెండు రోజులు కూర్చుని నాలుగు పద్ధతులు రాసి పెట్టారు. బ్యాంకు నుంచి నేరుగా పంపవచ్చు. విదేశాలకు డబ్బు పంపే ఆన్‌లైన్ కంపెనీ ద్వారా పంపవచ్చు. ఆయా దేశాల్లోని ఏజెన్సీకి అప్పగిస్తే, వాళ్ళే ఉద్యోగంలో పెట్టుకుని, అక్కడి పన్నులు కోసుకుని జీతం ఇస్తారు. లేదా ఐదుగురినీ కాంట్రాక్టర్లుగా రాసుకుంటే, నెలనెలా బిల్లు పంపి ఎవరి పన్ను వాళ్ళే కట్టుకుంటారు. ఏదో ఒకటి ఎంచుకోమని చివర్లో వినయంగా కోరారు.

డైరెక్టరు గారు ఆ నోట్ చదివి ఎంతో మెచ్చుకున్నారు. పంపడం మామూలు పనే గానీ ఎంచుకోవడం విధాన నిర్ణయం అని చెప్పి, ఏడుగురు సభ్యులతో ఎంపిక సంఘం వేశారు.

సంఘం ఎంత జాగ్రత్తగా పనిచేసిందో దగ్గరుండి చూసే అదృష్టం కామాగారికి దక్కింది. టీ బిల్లులు రాసేది ఆయనే మరి. మొదటి సమావేశంలో బ్యాంకు పద్ధతి వీగిపోయింది. బ్యాంకు ప్రతిసారీ కొంత రుసుము కోసుకుంటుంది, దాన్ని ఏ పద్దు కింద రాయాలో శాఖ పుట్టినప్పటినుంచీ ఎవరూ తేల్చలేదు. రెండో సమావేశంలో ఆన్‌లైన్ కంపెనీ మాట వచ్చింది. రేపు తేడా వస్తే గుమ్మమే లేని కంపెనీకి నోటీసు ఎక్కడ అంటిస్తామని ఒక సభ్యుడు అడిగేసరికి అందరూ ఆలోచనలో పడి, ఆ ఆలోచనలోనే లేచి వెళ్ళిపోయారు. మూడో సమావేశం ఏజెన్సీ గురించి. వాళ్ళు ఏజెన్సీ ఉద్యోగులైపోతే, మన ఉద్యోగులు ఐదు దేశాల్లో ఉన్నారని మంత్రిగారు చెప్పింది అబద్ధమవుతుంది. మంత్రిగారు అబద్ధం చెప్పరు కనుక ఏజెన్సీ కుదరదు. ఇక కాంట్రాక్టర్లంటారా, టెండరు పిలవాలి. టెండరు పెట్టె కింది అంతస్తులో మెట్ల పక్కన ఉంది, కాగితం దాంట్లో స్వయంగా వచ్చి వేయాలి.

నాలుగో సమావేశంలో, సంఘంలోకెల్లా పెద్దాయన కొత్త దారి చూపించారు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఐదుగురూ ఆఫీసుకు వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, జీతం చేతికి తీసుకుని వెళ్ళాలి. దూరంగా ఉండడం వాళ్ళ సొంత ఇష్టం కాబట్టి దారి ఖర్చులు వాళ్ళవే. ఆ ప్రకారం ఉత్తరాలు కూడా వెళ్ళాయి. నలుగురు జవాబివ్వలేదు. నాలుగో నంబరు ఉద్యోగిని మాత్రం, మూడు నెలలకొకసారి వస్తే ఒప్పుకుంటారా అని అడిగింది.

ప్రతి సోమవారం ఆ ఐదుగురికీ ఫోను చేసి, విషయం పరిశీలనలో ఉందని చెప్పే బాధ్యత కామాగారిది. మిగతావాళ్ళు ఆ మాట వినగానే పెట్టేసేవారు. నాలుగో నంబరమ్మాయి పెట్టేది కాదు. బాగున్నారా సార్ అని అడిగేది. వాళ్ళాయనకు పని పోయిందనీ, ఇంటద్దె ఈ జీతం మీదే నడవాలనీ ఒకసారెప్పుడో మాటల్లో చెప్పింది. తారీఖు చెప్తే ఇంటి ఓనరుకు చెప్పుకుంటాను సార్ అనేది. కామాగారి దగ్గర తారీఖు లేదు.

మూడో నెలలో ఒక సోమవారం అలా మాట్లాడుతుండగా ఆమెకు ఏదో మెసేజు వచ్చింది.

"ఒక్క నిమిషం సార్. మీ ఊళ్ళో ఎవరింట్లోనో మూడు రోజులుగా కుళాయి రావట్లేదట, రాసేసుకుంటాను."

రాసుకుంటూ చిరునామా పైకే చదివింది. అది కామాగారి ఇల్లు. ఫిర్యాదు పంపింది వాళ్ళావిడ. ఆ సంగతి ఆయన చెప్పలేదు. టైపు చేయడం అయ్యాక ఆమె గొంతు తగ్గించింది.

"సార్, శుక్రవారం నుంచి నేను పనిలో ఉండనండీ. కోపం వచ్చి కాదు. బిల్లు కట్టలేదని నెట్ తీసేస్తున్నారు. ముందే చెప్తే మీకు ఇబ్బంది ఉండదని."

విషయం పరిశీలనలో ఉందని చెప్పబోయి కామాగారు ఆగిపోయారు.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పారు. ఆవిడ ట్యాంకరు దగ్గర పట్టి తెచ్చిన బిందె దించుకుంటూ అంతా విన్నది.

"మన ఫిర్యాదు రాసుకున్నది ఆ పిల్లేనా?"

ఆ పిల్లేనన్నారు ఆయన. నీళ్ళు రాకపోతే పోయాయి, ఎంత మర్యాదగా జవాబిచ్చిందో అంటూ ఆవిడ బిందె మీద మూత పెట్టింది. తరువాత, ఫ్రిజ్ కోసం దాచింది ఉంది కదా, అందులోంచి ఆ పిల్ల జీతం పంపించండి అంది.

మర్నాడు కామాగారు ఆఫీసు పక్క సందులో, జిరాక్స్ షాపును ఆనుకుని ఉన్న డబ్బు పంపే కౌంటరుకు వెళ్ళారు. అక్కడి అమ్మాయి గుర్తింపు కార్డు చూసి, పేరూ దేశమూ అడిగి, డబ్బు లెక్కపెట్టుకుని రసీదు చింపి ఇచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది. కామాగారికి నమ్మకం కుదరక, అంతేనా అని అడిగారు. ఇంకేం కావాలండీ అంది ఆ అమ్మాయి.

ఇంకొకరైతే ఆ రసీదు జేబులో వేసుకుని ఊరుకునేవారు. కామాగారికి అది చేతకాలేదు. రసీదును ఫైలుకు గుచ్చి, సమాచారం నిమిత్తం అని రాసి పైకి పంపారు. మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది. ఎవరి అనుమతితో శాఖ ఉద్యోగికి జీతం అందేలా చేశారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఎవరి అనుమతీ లేదని ఆయన ఆ రోజే రాసిచ్చారు.

సంఘం ఏడో సమావేశానికి ఆయన్ను పిలిపించారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఆయన తలుపు పక్కనే నిలబడ్డారు. రసీదు బల్ల చుట్టూ ఒక్కొక్కరి చేతికీ తిరిగింది. బ్యాంకు రుసుము శాఖకు పడలేదు. పద్దు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఏజెన్సీ లేదు. డబ్బు మాత్రం చేరింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత సులువైన పద్ధతి మీ నోట్‌లో ఎందుకు రాయలేదయ్యా?"

తనకు తట్టలేదని కామాగారు ఒప్పుకున్నారు.

పది రోజుల్లో పెద్ద హాల్లో సభ జరిగింది. ఇతర దేశాల్లోని సిబ్బందికి జీతాలిచ్చే చిక్కుముడిని మన శాఖ విప్పిందని, దీనికి సిబ్బంది స్వచ్ఛంద చెల్లింపు పద్ధతి అని పేరు పెట్టామని మంత్రిగారు ప్రకటించారు. కామాగారిని వేదిక మీదికి పిలిచి ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. ఫొటోలు తీశారు. అంతా అయ్యాక ఒక విలేఖరి లేచి, ఈయన పెట్టుకున్న డబ్బు ఈయనకు ఎలా వస్తుందని అడిగాడు.

"పైసాతో సహా ఇచ్చేస్తాం," అన్నారు మంత్రిగారు. "ఏ పద్ధతిలో ఇవ్వాలో ఎంచుకోవడానికి ఏడుగురితో సంఘం వేశాం."

చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే మంత్రిగారు, మరో నలభై దేశాల్లో నలభై మందిని తీసుకుంటున్నామనీ, ఒకటో తారీఖు నుంచి శాఖ సిబ్బందిలో ఒక్కొక్కరికి ఒక్కొక్కరిని కేటాయిస్తామనీ, జీతాలు ఈ పద్ధతిలోనే అందుతాయనీ చెప్పారు. ఈసారి చప్పట్లు వేదిక మీద మాత్రమే వినిపించాయి.

మర్నాడు కామాగారు పది గంటలకు ఆఫీసుకు వెళ్ళేసరికి సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. డైరెక్టరు గారి బల్ల మీద ముప్ఫై తొమ్మిది సెలవు చీటీలు ఉన్నాయి. అన్నిట్లోనూ అనారోగ్యమే కారణం. అన్నిటికన్నా పైన ఉన్న చీటీ డైరెక్టరు గారిది. హాజరైనవాళ్ళలో సీనియరు తానే కాబట్టి, నియమం ప్రకారం కామాగారే కూర్చుని ఒక్కొక్కటీ మంజూరు చేశారు.

చివరి సంతకం పెడుతుండగా టపా వచ్చింది. నలభై మంది పేర్లు, దేశాలు, జీతాలు వరసగా టైపు చేసి ఉన్నాయి. అడుగున మంత్రిగారి సంతకం, దాని పైన ఒక ఆదేశం: హాజరులో ఉన్న సిబ్బందికి సమానంగా పంచవలెను.