ఆఫీసుకు చలి వచ్చిన రోజు

చలికాలాన్ని తిట్టేవాళ్లందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక బకెట్ చన్నీళ్లు పోయాలని నా అభిప్రాయం. చలి అంత మంచిది ఈ లోకంలో మరొకటి లేదు! ఇదేదో నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదు. పది రోజులు మా అక్క వాళ్ల పొలం ఇంట్లో, రెండు రగ్గుల కింద పడుకుని, లోతుగా పరిశోధన చేసి మరీ చెబుతున్నాను.

ముందు కోళ్ల సంగతి చూడండి. చలి ముదరగానే మా అక్క కోళ్లు పన్నెండూ కూడబలుక్కున్నట్టు గుడ్లు తగ్గించేశాయి. అన్నీ కలిసి రోజుకి రెండు పెడితే గొప్ప. ఏం, తప్పా? మీకూ నాకూ ఆదివారం ఉంది, ఒంట్లో బాగాలేకపోతే సిక్ లీవు ఉంది. ఏడాది పొడుగునా గుడ్డు మీద గుడ్డు పెట్టే జీవికి ఎవరైనా ఒక్క రోజు సెలవిచ్చారా? చలి ఇచ్చింది!

ఆవు కూడా తక్కువ తినలేదు. పాలు సగం చేసి, మేత రెట్టింపు చేసింది. చలిలో ఒంట్లో వేడి నిలవాలంటే బాగా తినాలట. నేనూ అదే సైన్సు పాటిస్తూ మూడోసారి వడ్డించమంటే, అక్క నా కంచం వంకా ఆవు తొట్టి వంకా చూసి, "అది పేడైనా వేస్తుందిరా" అంది. తోబుట్టువుల మాటలు పట్టించుకోకూడదు.

ఇక బంగాళదుంప చేను. ఒక రాత్రి విపరీతమైన మంచు కురిసింది. పొద్దున్నే చూస్తే ఆకుల మీద ఉప్పు చల్లినట్టు గడ్డకట్టి ఉంది. ఎంత అందమో! ఎండెక్కాక మంచు కరిగింది, ఆకులు ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోయాయి. ఇందులోనూ మేలే ఉంది. కలుపు తీయక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు, దుంపలు తవ్వే పని అసలే లేదు. పెళ్లైన పదిహేనేళ్లకి మా బావకి తీరిక దొరికింది!

ఆ తీరికలో ఆయన గట్టు మీద కూర్చుని, వాలిపోయిన మొక్క ఒకటి వేళ్లతో పట్టుకుని చూస్తూ ఉండేవాడు. పలకరిస్తే "ఊఁ" అనేవాడు. అది చూస్తే నాకు బాధేసింది, దాచడమెందుకు.

అయితే దారి లేకపోలేదు. చలికి పంట పోయిందని పంట నష్టాల ఆఫీసువాళ్లు రాసిస్తే, మళ్లీ నాటుకోవడానికి విత్తనపు దుంపలిస్తారు. మంచు కురిసిన పది రోజుల్లోపు నాటితేనే పంట. అది దాటిందా, ఆ నేల ఈ ఏడాదికి బీడే. రాసివ్వడానికి షరతు ఒక్కటే. ఆఫీసు థర్మామీటర్ పొద్దున్న తొమ్మిదింటికి ఒక్క రోజైనా ఐదు డిగ్రీల కంటే కిందికి దిగాలి.

ఇదీ ఒక షరతేనా? ఆవు ముందు పెట్టిన బకెట్లో నీళ్లు రాయిలా బిగుసుకుంటుంటే!

మూడో రోజు ఆఫీసు గుమాస్తా పొలానికి వచ్చాడు. మంకీ క్యాప్, రెండు స్వెటర్లు, చెవుల్లో దూది. వచ్చేసరికి పదకొండు, చుట్టూ చక్కటి ఎండ.

"మంచు ఏదమ్మా?" అన్నాడు.

ఈ ప్రశ్న వస్తుందని అక్కకి ముందే తెలుసు. ఆ రోజు తెల్లారగానే మంచు పట్టిన కొమ్మ ఒకటి తుంచి ఫ్రిజ్‌లో, ఐస్ గడ్డలు పెట్టే అరలో దాచింది. పళ్లెంలో పెట్టి తెచ్చి చూపించింది. గుమాస్తా కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఇది ఫ్రిజ్ మంచు కదమ్మా."

"పొలంలోదే సార్! మీరొచ్చేలోపు కరిగిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టాను."

"అదే నేనూ అంటున్నది. రూల్ ప్రకారం పొలంలో ఉన్న మంచే చెల్లుతుంది. అయినా నా రిజిస్టర్లో చలే లేదు. రోజూ ఇరవై ఒక్క డిగ్రీలు."

ఆ మాట అంటుంటే ఆయన పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

మర్నాడు నేనూ అక్కా ఆఫీసుకి వెళ్లి చూశాం. థర్మామీటర్ ఒకప్పుడు బయట వరండాలో ఉండేదట. రోజూ పొద్దున్నే చలిలో బయటికెళ్లి చూసేసరికి గుమాస్తాగారి చేతులు కొంకర్లు పోయేవట. అందుకని దాన్ని లోపలికి తెచ్చి, కిటికీ పక్కన, హీటర్‌కి సరిగ్గా పైన తగిలించారు. మేకు కూడా కొత్తది.

ఆయన అబద్ధాలు రాశాడంటారా? పాపం, అంత మాట అనకండి! పదహారేళ్ల సర్వీసులో థర్మామీటర్ చూపించని అంకె ఒక్కటి రాయలేదాయన.

తొమ్మిదో రోజు వచ్చేసింది. బావ గట్టు దిగలేదు. ఇవతల పాకలో, పుట్టి నెలైనా కాని లేగదూడ వణికిపోతోంది. నా స్వెటర్ తొడిగినా వణుకు ఆగలేదు. స్వెటర్ ఇచ్చేశాక నేనూ దానికి తోడయ్యాను.

"ఒరేయ్, దాన్ని ఎత్తుకో. ఇరవై ఒక్క డిగ్రీలున్న చోటు మనకి తెలిసి ఒక్కటే ఉంది" అంది అక్క.

ఎనిమిదింటికల్లా ఆఫీసులో ఉన్నాం. దూడని దించగానే అది తిన్నగా వెళ్లి హీటర్ ముందు కాళ్లు ముడుచుకుని పడుకుంది. తెలివైన ప్రాణి!

"ఇది ఆఫీసనుకున్నారా, పశువుల పాక అనుకున్నారా?" అని లేచాడు గుమాస్తా.

"చలి లేదని రాసింది మీరే కదా సార్. ఆ లేని చోట కాసేపు ఉంచుకుని తీసుకుపోతాం."

ఆయన ముందు నుంచి లాగాడు, నేను వెనక నుంచి తోశాను. దూడ ఆయన చెయ్యి నాకింది తప్ప అంగుళం కదల్లేదు. ఆ పెనుగులాటకి కాబోలు, ఉన్నపళంగా ఉచ్చ పోసింది. అది పారుకుంటూ హీటర్ వైరు దగ్గరికి వెళ్లేసరికి గుమాస్తా ఎగిరి గంతేసి ప్లగ్ పీకేశాడు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచాడు. అక్క బకెట్ అందుకుంది.

మా అక్క అంత శుభ్రమైన మనిషని నాకు ఆ రోజుదాకా తెలియదు. ఒకసారి కడిగింది. "ఈ మూల ఇంకా వాసనొస్తోంది సార్" అని మళ్లీ కడిగింది. బీరువా కిందా, బల్ల కిందా, చివరికి దూడ వెళ్లని పక్క గది కూడా కడిగింది. చలిగాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతోంది. మధ్యమధ్యలో అక్క గోడ వంక చూస్తోంది. నేనూ చూశాను. పదిహేను. తొమ్మిది. ఆరు.

గడియారం తొమ్మిది కొట్టింది. ప్రళయమొచ్చినా ఆ వేళకి రీడింగ్ రాయాల్సిందే! గుమాస్తా థర్మామీటర్ దగ్గరికి వెళ్లి చూశాడు. అద్దం తుడిచి మళ్లీ చూశాడు. అరచేతులు రుద్దుకుని రిజిస్టర్లో రాశాడు: మూడున్నర.

తర్వాత మా అక్క వైపు తిరిగి, నిజంగానే నొచ్చుకుంటూ అడిగాడు.

"బయట ఇంత చలిగా ఉందా అమ్మా? ముందే చెప్పొద్దూ?"

మధ్యాహ్నానికి విత్తనపు దుంపల బస్తాలొచ్చాయి. పదో రోజు చీకటి పడేలోపు ముగ్గురం కలిసి నాటేశాం. ఆ పూట బావ ఎన్నాళ్లకో ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు: "ఇంకాస్త వడ్డించు." అక్క ఆవు తొట్టి వంక చూడకుండానే వడ్డించింది. చూశారా పక్షపాతం!

కాబట్టి పాఠకులారా, చలిని ఏమీ అనకండి. దాని తప్పల్లా ఒక్కటే, ఆఫీసులో సంతకం పెట్టకుండా నేరుగా పొలానికి వెళ్లిపోవడం. ఆ లోపాన్ని కూడా ఆఫీసువాళ్లు వెంటనే సరిదిద్దారు. మొన్న అటుగా వెళ్తే తలుపు మీద కొత్త బోర్డు కనిపించింది: "దూడలకు ప్రవేశం లేదు." థర్మామీటర్ మాత్రం హీటర్ మీదే ఉంది.

అక్కకి ఈ సంగతి చెబితే దిగులు పడుతుందనుకున్నాను. ఆమె మేకపిల్లని కొనుక్కొచ్చింది.